లేమికి హారతి పట్టొద్దు

ఇంట్లో కంప్యూటర్ మీద సంగీతం కట్టడం మొదలుపెట్టిన కుర్రవాడికి ఇవాళ అందే మొదటి ఉపదేశం ఒకటే: తగ్గించుకో. ఒక్క సింథ్ చాలు, నాలుగు ట్రాకులు చాలు, ఎనిమిది శబ్దాలు దాటకు, పోగేసిన ప్లగిన్లన్నీ పీకి పారెయ్. చేతిలో ఏమీ లేనప్పుడే బుర్ర పదునెక్కుతుందన్నది దీని వెనకున్న సిద్ధాంతం. చందానగర్, మియాపూర్, లింగంపల్లి అపార్ట్‌మెంట్లలో పగలంతా సాఫ్ట్‌వేర్ కొలువు చేసి రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉద్యోగికీ ఇదే మాట, బోనాలకూ నిమజ్జనానికీ డీజే మిక్సులు చేసిచ్చే కాలనీ కుర్రాడికీ ఇదే మాట. మితంగా బతికేవాడిని మెచ్చుకోవడం మనకు తరతరాల అలవాటు గనక ఈ ఉపదేశం ఎదురు ప్రశ్న లేకుండా లోపలికి వెళ్లిపోతుంది. ఆ ప్రశ్న వేయాల్సిన సమయం వచ్చింది. లేమి ఎవరికీ సృజన ఇవ్వలేదు. నిండుగా ఉన్నవాడు తన పనికోసం తనకు తానుగా పెట్టుకున్న నియమం ఇచ్చింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, మొదటిదాన్ని రెండోదాని పేరుతో చెలామణి చేయడం వల్ల మన దగ్గర కొత్తగా సంగీతం చేసేవాళ్లు నష్టపోతున్నారు.

ఈ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు చరిత్రలోంచి తెచ్చే సాక్ష్యాలనే ముందు చూద్దాం. వాళ్లు ఇష్టంగా చెప్పేది రోలాండ్ కంపెనీ టీబీ-303 కథ. గిటార్ వాయించేవాళ్లకు తోడుగా బేస్ వాయించడానికి 1980ల మొదట్లో తెచ్చిన పెట్టె అది. బేస్ గిటార్‌లా పలకలేదు, సరిగ్గా అమ్ముడుపోలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టెతోనే షికాగోలో ఫ్యూచర్ అనే బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ చేసింది. 1987లో ఆ రికార్డు వచ్చాక ఒక కొత్త సంగీత శాఖే పుట్టింది. పనికిరాదన్న పెట్టెలోంచి ఎంత వచ్చిందో చూడండి అంటారు. కానీ ఆ రికార్డును శ్రద్ధగా వింటే, చెవిని పట్టి లాగేవి రెండు కనిపిస్తాయి: ఫిల్టర్ గుండీ తిప్పుతుంటే స్వరం కీచుమంటూ విచ్చుకోవడం, ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారడం. రెండూ ఆ పెట్టెకు చేతనైన పనులే. చేతకాని పనుల వల్ల దానికి పేరు రాలేదు. షికాగో కంటే ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఇదే 303తో పది రాగాలను డిస్కో దరువుకు కట్టి ఆల్బం తెచ్చాడు. రాగానికి కావలసిన జారు ఆయనకు ఆ పెట్టెలో దొరికింది. పక్కన 808 డ్రమ్ మెషీన్ ఉంది, ఆ రోజుల్లో అత్యంత ఖరీదైన సింథ్‌లలో ఒకటైన జూపిటర్-8 ఉంది, అన్నింటికీ మించి ఏళ్ల తరబడి సినిమా రికార్డింగుల్లో సాధించిన వేళ్లు ఉన్నాయి. అది లేమి కథ ఎలా అవుతుంది?

ఇంకో సాక్ష్యం ఈ-మ్యూ ఎస్పీ-1200. రికార్డుల్లోంచి శబ్దం ముక్కలను (శాంపిళ్లను) ఎక్కించుకుని వాయించే ఈ శాంప్లర్ 1987లో వచ్చింది, ఇందులో మొత్తం కలిపి దాదాపు 10 సెకన్ల శబ్దమే పట్టేది. న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్లు 33 వేగంతో తిరగాల్సిన రికార్డును 45 మీద తిప్పి, శాంపిల్‌ను కుదించి ఎక్కించుకుని, లోపల మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. ఆ గరుకుదనమే ఆ కాలపు సంగీతానికి ముద్ర అయింది, నిజమే. అయితే ఆ కుర్రాళ్లు చేసింది పరిమితిని పూజించడం కాదు, దాన్ని మోసగించడం. 10 సెకన్లను సాగదీయడానికి వాళ్లు పడ్డ తంటా అది. పైగా ఆ 10 సెకన్లలో ఏం పెట్టాలో తేల్చుకోవడానికి వాళ్ల వెనక గోనెలకొద్దీ రికార్డులు ఉన్నాయి, వాటిలో ఏ పక్క ఏ చోట ఏ డ్రమ్ము మోగుతుందో నోటికి వచ్చేంత వినికిడి ఉంది. బీటిల్స్ 1967లో నాలుగు ట్రాకుల యంత్రం మీద ‘సార్జెంట్ పెప్పర్స్’ చేశారని చెప్పేవాళ్లు అందులోని ‘ఎ డే ఇన్ ద లైఫ్’కు ఆ నాలుగూ చాలక రెండు యంత్రాలను కలిపి తిప్పారన్న సంగతి చెప్పరు, 40 మంది వాద్యకారులను పిలిపించిన సంగతీ చెప్పరు. మరుసటి ఏడాదే ఎనిమిది ట్రాకుల యంత్రం ఉందని ట్రైడెంట్ స్టూడియోకి వెళ్లి ‘హే జూడ్’ రికార్డు చేసుకున్నారు. నాలుగు ట్రాకుల్లో అంత మహిమే ఉంటే వాళ్లు గడప దాటేవాళ్లే కాదు.

మన పక్కనే ఉన్న ఉదాహరణ ఇంకా బలమైనది. 1980ల చివర్లో తెలుగు సినిమాలో కీబోర్డులకూ రిథమ్ మెషీన్లకూ పెద్దపీట వేసిన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రవాడు 1989లో మద్రాసులో తన ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో ‘రోజా’తో ఎ.ఆర్. రెహమాన్‌గా బయటికొచ్చాక, ఆ పాటల్లోని ఖాళీని, గాలి ఆడే అమరికను అందరూ మెచ్చుకున్నారు. అప్పటి సినిమా పాటలో వయొలిన్లు గోడకట్టినట్టు నిండిపోయి ఉండే చోట ఆయన రెండు మూడు శబ్దాలను ఎడంగా నిలబెట్టాడు. ఆ ఖాళీ పేద స్టూడియోలో పుట్టలేదు. దొరికిన ప్రతి సింథ్‌నూ విప్పి చూసి, ఇతరుల పాటలకు ఏళ్ల తరబడి ప్రోగ్రామింగ్ చేసి, కర్ణాటకం, హిందుస్తానీ, పాశ్చాత్యం అన్నీ చెవిన వేసుకున్న మనిషి తీసేసిన తర్వాత మిగిలిన ఖాళీ అది. తీసేయడానికి ముందు ఉండాలి కదా. డెట్రాయిట్‌లో టెక్నో సంగీతకారుడు రాబర్ట్ హుడ్ 1994లో ‘మినిమల్ నేషన్’ చేసినప్పుడూ ఇదే జరిగింది. రెండు మూడు పొరలతో నడిచే ఆ ట్రాకుల్లో ప్రతి పొరనూ నిమిషాల తరబడి విసుగు రాకుండా మోయించగల చెవి వెనక ఉంది. వినేవాడికి తక్కువ వినిపించడం ఒక రుచి. చేసేవాడి దగ్గర తక్కువ ఉండటం వేరే సంగతి. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని పాటించమని చెప్పడం వంట రుచి చూసి ఇంట్లో సరుకులు పారబోయమన్నట్టుంటుంది.

మనస్తత్వ శాస్త్రం కూడా తమవైపే ఉందని ఈ వాదనవాళ్లు అంటారు. 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ ప్రచురించిన జామ్ సీసాల ప్రయోగం వాళ్ల ఆయుధం. కాలిఫోర్నియాలో ఒక దుకాణంలో 24 రకాల జామ్ పెట్టిన రోజు బల్ల దగ్గర ఆగినవాళ్లలో 3 శాతం మందే కొన్నారు, ఆరు రకాలే పెట్టినప్పుడు 30 శాతం మంది కొన్నారు. ఎంపిక ఎక్కువైతే మనిషి చతికిలపడతాడని దీని నుంచి తీసిన తీర్పు. కానీ కథ అక్కడ ఆగలేదు. 2010లో షైబెహెన్నె, ఆయన సహచరులు ఇలాంటి 50 ప్రయోగాలను కలిపి లెక్కకడితే సగటు ప్రభావం ఇంచుమించు సున్నా అని తేలింది. కొన్నిచోట్ల ఎంపిక ఎక్కువై నష్టం జరిగింది, కొన్నిచోట్ల లాభమే జరిగింది. 2015లో చెర్నెవ్ బృందం ఆ తేడా ఎక్కడ వస్తోందో వెతికింది. వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి మన చర్చకు ప్రాణం: తనకేం కావాలో తనకే తేలనివాడిని ఎక్కువ ఎంపికలు ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. ఏం కావాలో తెలిసినవాడికి 24 సీసాలు భారం కాదు. సంగీతానికీ ఇదే వర్తిస్తుంది. 300 కిక్ డ్రమ్ములున్న ఫోల్డర్ తెరిచి గంటసేపు వింటూ కూర్చుండిపోయే కుర్రవాడికి ఉన్న జబ్బు 300 కిక్కులు కాదు. తన పాటకు ఎలాంటి దెబ్బ కావాలో తలలో వినపడకపోవడం అతని జబ్బు. ఫోల్డర్‌ను 10 కిక్కులకు కుదిస్తే గంట మిగులుతుంది. వినపడనిది వినపడదు.

నియమం అనేది నిజంగా సృజనను ఎలా పుట్టిస్తుందో తెలుగువాళ్లకు ఎవరూ బయటినుంచి నేర్పనక్కర్లేదు. అవధానం మన సొత్తు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే పృచ్ఛకుడు తర్వాత ఫలానా అక్షరం రాకూడదంటాడు, దాన్ని తప్పించి ఇంకోటి వేస్తే మళ్లీ అడ్డుపడతాడు. దత్తపదిలో సంబంధం లేని నాలుగు మాటలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. మీద ఛందస్సు, యతి, ప్రాస ఎటూ ఉన్నాయి. ప్రపంచంలో ఇంతకంటే బిగువైన పరిమితి ఏ కళలోనైనా ఉందేమో చెప్పలేను. అయితే ఆ పరిమితికి నిలిచేది ఎవరు? నిఘంటువులూ కావ్యాలూ వ్యాకరణమూ నాలుక చివర పెట్టుకున్నవాడు. తిరుపతి వెంకట కవులు శతావధానాలు చేసింది మాటలు తక్కువై కాదు. ఒక్క అక్షరం మూసేస్తే తెరుచుకోవడానికి పది తలుపులు ఉన్నాయి కాబట్టే. పర్యాయపదం ఒక్కటే తెలిసినవాడిని నిషిద్ధాక్షరిలో కూర్చోబెడితే మొదటి పాదం కూడా నడవదు. ఒక్క సింథ్, నాలుగు ట్రాకులు అన్న నియమం నేర్చుకునేవాడి మీద మొదటి రోజే రుద్దితే జరిగేదీ అదే. నియమం పనిచేసే ముందు నిల్వ ఉండాలి. అవధాన విద్య చెప్పే క్రమం అది, దాన్ని తలకిందులు చేసి మనకు అమ్ముతున్నారు.

ఇక తెలుగు సంగీతకారుడి ముందు అసలైన చిక్కు వేరే ఉంది. పరిమితి పెట్టుకో అని అతనికి చెప్పనక్కర్లేదు, అతను కొనే ప్రతి సాధనం పరిమితితోనే వస్తుంది, అదీ వేరేవాళ్లు వేరే నృత్యశాల కోసం గీసిన పరిమితి. సాఫ్ట్‌వేర్ తెరవగానే నిమిషానికి 120 దెబ్బల వేగం, నాలుగు లెక్కల తాళం, 16 గళ్ల వరస సిద్ధంగా ఉంటాయి. ఐదు లెక్కల ఖండచాపు, ఏడు లెక్కల మిశ్రచాపు కావాలంటే వెతుక్కుని మార్చుకోవాలి. అంతకంటే లోతైనది గమకం సమస్య. తోడిలో గాంధారాన్ని ఒక మెట్టు మీద నొక్కిపట్టి వాయిస్తే అది తోడి కాదు, ఆ స్వరం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూనే ఉండాలి. కీబోర్డులూ కంప్యూటర్లూ ఒకదానికొకటి స్వరాల ఆజ్ఞలు పంపుకోవడానికి 1983లో వచ్చిన మిడీ పద్ధతిలో స్వరాన్ని వంచే ఆజ్ఞ చానల్ మొత్తానికి వర్తిస్తుంది. రెండు స్వరాలు కలిపి పట్టుకుని ఒకదాన్ని ఊపితే రెండోదీ ఊగుతుంది. మామూలుగా ఆ వంపు అటూ ఇటూ రెండు మెట్లకే పరిమితం, తోడికి అది చాలని చోట్లు వస్తాయి. ప్రతి స్వరాన్నీ విడిగా వంచగల ఎంపీఈ పద్ధతికి 2018లో గానీ ఆమోదం రాలేదు. అంటే మన సంగీతానికి కావలసిన తలుపు సాధనం పెరిగినప్పుడు తెరుచుకుంది, తగ్గినప్పుడు కాదు. ఇలాంటి వాడికి ఉన్నదాంతో సర్దుకో అని చెప్పడమంటే, గమకం లేకుండా సర్దుకో, నాలుగు లెక్కల్లో సర్దుకో అని చెప్పడమే. అందుకే చాలా ఇళ్లలో తయారవుతున్న ట్రాకులు బెర్లిన్‌లోనో లండన్‌లోనో పదేళ్ల కింద వచ్చినవాటిలా వినిపిస్తున్నాయి. తగ్గించుకున్న తర్వాత మిగిలే నాలుగు శబ్దాలు మనవి కావు మరి.

లేమి ఏం చేస్తుందో చందానగర్‌లో ఒక మామూలు పడగ్గది చూస్తే చాలు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. బీరువా, మంచం, కిటికీ పక్కన బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, రెండు చిన్న స్పీకర్లు. ఈ కొలతలున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గరా, 56 హెర్ట్జ్ దగ్గరా శబ్దం గోడల మధ్య నిలబడిపోతుంది: గోడల దగ్గర ఉబ్బి, సరిగ్గా గది నడిమధ్యలో చచ్చిపడుతుంది. 808 కిక్ మూలస్వరం దాదాపు ఆ మధ్యే ఉంటుంది. కుర్చీ గది మధ్యలో వేసుకున్నవాడికి ఆ దెబ్బ వినపడదు, బేస్ పెంచుతాడు. ఇంకా వినపడదు, ఇంకా పెంచుతాడు. ఆ మిక్సు ఊరేగింపు లారీ మీది పెద్ద బాక్సుల్లో పడితే గుండెలు అదిరిపోయి పాట మునిగిపోతుంది. గది చిన్నదవడం ఆ కుర్రవాడి తప్పు కాదు, కానీ ఆ పరిమితి అతనికి ఏ సృజనా ఇవ్వలేదు, తప్పుదారి పట్టించింది. దాన్నుంచి బయటపడేది తెలివిడి వల్లే: కుర్చీని నడిమధ్య నుంచి జరపడం, గోడకు మందమైన పరుపులాంటిది ఆనించడం, హెడ్‌ఫోన్లలోనూ కారులోనూ వేసి సరిచూసుకోవడం. పరిమితిని ప్రేమించేవాడు ఇవేవీ చేయడు. దాన్ని శత్రువుగా గుర్తించినవాడే చేస్తాడు.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకెళ్తాను. అన్ని హద్దులనూ నేను కొట్టిపారేయడం లేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. చంటిపిల్లలూ వృద్ధులూ ఉన్న ఇళ్ల మధ్య అలాంటి హద్దు ఉండాలి. కానీ అది వినేవాళ్ల ఆరోగ్యం కోసం. దానివల్ల సంగీతం బాగుపడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోను. బాగుపడాలంటే సంగీతం చేసేవాడు కావాలి.

ఆ డీజే మిక్సుల సంగతే తీసుకుందాం, ఎందుకంటే ఈ నగరంలో ఎక్కువమంది చెవిన పడే ఎలక్ట్రానిక్ సంగీతం అదే. తీన్మార్, మార్ఫా, డప్పు ఈ నగరపు వీధి దరువులు. డప్పుకు రెండు పుల్లలుంటాయి, చిర్ర ఒకటి, సిటికెన పుల్ల ఒకటి, రెండూ రెండు రకాలుగా పలుకుతాయి. మంట దగ్గర కాచిన డప్పు గొంతు వేరు, గంట తర్వాత చల్లబడ్డ డప్పు గొంతు వేరు. కొట్టే చెయ్యి లెక్కకు ఒక వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది, కాళ్లు లేచేది అక్కడే. మరి మిక్సుల్లో వినిపించేదేమిటి? ఎప్పుడో ఎవరో కోసిపెట్టిన ఒకే డప్పు లూపు చేతులు మారి మారి వస్తోంది. దాన్ని 16 గళ్లకు కుట్టేసి కింద బేస్ పెంచుతున్నారు. పేరు మారుతుంది, పాట మారుతుంది, డప్పు మాత్రం అదే. తక్కువతో ఎక్కువ సాధించమనే సిద్ధాంతానికి ఇంతకంటే నిఖార్సైన ప్రయోగశాల దొరకదు, ఎందుకంటే ఇక్కడ అందరి దగ్గరా ఉన్నది ఆ కాస్తే. వచ్చిన ఫలితం ఏ కాలనీలో నిలబడ్డా ఒకేలా వినిపించే ఊరేగింపు. ఒగ్గు డోలు, జమిడిక, రుంజ, గుమ్మెట, తుడుం ఈ మిక్సులు చేసేవాళ్ల శబ్దాల ఫోల్డర్లలో లేవు. లేనివాటిని తగ్గించుకోవడం ఎలా?

కిన్నెర మొగులయ్య సంగతేమిటని అడిగేవాళ్లు ఉంటారు. 12 మెట్ల కిన్నెర ఒక్కటే పట్టుకుని ఊరూరా తిరిగిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘భీమ్లా నాయక్’ పాటతో ఆయన గొంతు తమన్ సంగీతంలో రాష్ట్రమంతా మోగింది. ఒక్క వాద్యంతో ఆయన చేయలేదా? చేశారు. అయితే ఆ ఒక్క వాద్యం వెనక పండుగ సాయన్న కథలాంటి దీర్ఘ గాథలు కంఠస్థంగా ఉన్నాయి, తరాల నుంచి వచ్చిన వాయిద్య విద్య ఉంది, కథలో ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో తెలిసిన అనుభవం ఉంది. ఆయనది పేదరికం, దాన్ని తొలగించాల్సిన బాధ్యత సమాజానిది. ఆయన కళది సంపద. ఆ పేదరికాన్నే కళకు కారణంగా చూపించడం ఆ మనిషి సాధనను తక్కువ చేయడం, ఆయన్ని అలాగే ఉంచేయడానికి సాకు వెతకడం.

నిల్వ అంటే కొనడమా, అందరి దగ్గరా డబ్బుందా అన్నది న్యాయమైన అభ్యంతరం. నేను చెప్పే నిల్వలో కొనుగోలు అన్నిటికంటే చిన్న భాగం. సర్జ్ సింథ్‌ను 2018లో ఓపెన్ సోర్స్ చేశారు, 2020లో వచ్చిన వైటల్ ఉచితంగానే దొరుకుతుంది, ఆ రెండింటిలో ఉన్నదంతా నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. నిజానికి డబ్బు ప్రశ్న తక్కువ సరుకు సిద్ధాంతాన్నే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. స్వీడన్ కంపెనీ టీనేజ్ ఇంజినీరింగ్ నాలుగు ట్రాకుల టేపు ఉన్న ఓపీ-1 అనే సింథ్‌ను 2011లో తెచ్చింది, దాని తర్వాతి రూపాన్ని 2022లో 1,999 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అది మంచి సాధనమే, కాదనను. కానీ పరిమితిని లక్షన్నర రూపాయలకు కొనగలిగినవాడి మితానికీ, ఎప్పుడూ ఏమీ లేనివాడి లేమికీ ఒకే పేరు పెట్టకూడదు. ఇక ప్లగిన్లు పోగేసి ఒక్క పాటా పూర్తిచేయనివాళ్లు ఉన్నారంటే, ఉన్నారు, చాలామంది ఉన్నారు. వాళ్లకు కావలసింది ఒక గడువు, ఒక శ్రోత, పాట ఎందుకు చేస్తున్నామన్న స్పష్టత. స్నేహితుడి పొట్టి సినిమాకు శుక్రవారంలోగా సంగీతం ఇవ్వాల్సినవాడు 300 ప్లగిన్లున్నా ఇస్తాడు.

కాబట్టి చందానగర్ నుంచి పటాన్‌చెరు దాకా, శేరిలింగంపల్లి నుంచి కూకట్‌పల్లి దాకా రాత్రిళ్లు సంగీతం కడుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఇది. వచ్చే ఆషాఢంలో బోనాలు మీ వీధిలోకి వస్తాయి. డప్పు దళం వాళ్లతో ముందే మాట్లాడి, అడిగినంత డబ్బిచ్చి, ఒక పూట వాళ్లతో కూర్చోండి. ఒక్కో దెబ్బనూ విడివిడిగా, చిర్రతో ఒకసారి, సిటికెన పుల్లతో ఒకసారి, డప్పు కాచకముందు ఒకసారి, కాచాక ఒకసారి రికార్డు చేయండి. ఫోన్ ఉన్నా చాలు. ఆ దరువుల పేర్లు వాళ్లనే అడిగి రాసుకోండి, ఫైళ్ల మీద వాయించినవాళ్ల పేర్లు వేయండి, వాళ్లు ఒప్పుకుంటే పదిమందికీ అందేలా పెట్టండి. ప్లగిన్లు ఎన్ని ఉంచాలో ఎన్ని తీసేయాలో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.